ఎటు పోతా ఉండాది?

ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను నీళ్లలో కలిపి పోస్తే, గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది. ఈ సంగతి నాకు ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు. 1987 వేసవిలో ఒక పొద్దున, నందికనుమ దగ్గర బండ్లబాట మీద, పులి అడుగులో పోసిన ముద్ద మీద చెయ్యి ఆనించి తెలుసుకున్నాను. ఆనించమన్నది మామ. "చెయ్యి పెట్టి చూడు సామీ, ఎచ్చగా ఉండాది" అన్నాడు. నిజంగానే వెచ్చగా ఉంది. పులి అప్పుడే కాలు తీసి పక్కకు జరిగినట్టు అనిపించి, తల తిప్పి పొదల వైపు చూశాను.

నేను ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది. చలమ వైపు ఒక బీటుకు ఫారెస్ట్ గార్డుని. మామ నాకు చుట్టం కాదు, చెంచు వాచర్. సెక్షన్‌లో చిన్నాపెద్దా అందరూ ఆయన్ని మామా అనే పిలిచేవాళ్లు. ఆయనకు మాత్రం రేంజరు మొదలుకొని నా దాకా అందరం సాములమే.

ఆ రోజుల్లో పులుల లెక్కంటే అడుగుల లెక్క. ఎండాకాలంలో బాటల మీద మట్టి పిండిలా మెత్తగా అయ్యాక బయల్దేరి, వెనక ఎడమ కాలి గుర్తు వెతికి, దాని మీద గాజు పలక పెట్టి స్కెచ్ పెన్నుతో చుట్టూ గీత గీసుకునేవాళ్లం. గుర్తు బాగా పడితే చుట్టూ రేకు ముక్కను గుండ్రంగా పాతి, ప్లాస్టర్ పోసి అచ్చు తీసేవాళ్లం. వెనక కాలి గుర్తు చదరంగా ఉంటే మగది, కాస్త పొడుగ్గా ఉంటే ఆడది. పొడవెంత, వెడల్పెంత, ఏ చోటు, ఏ తేదీ అని ఫారంలో గడులుండేవి. కొత్త ఉద్యోగం కదా, ఒక్క గడి కూడా ఖాళీగా ఉండకూడదని నాకు టెన్షన్. నేను స్కేలు పెట్టి కొలుస్తుంటే మామ గొంతుక్కూర్చుని చూస్తూ, "ఎటు పోతా ఉండాది సామీ?" అని అడిగాడు.

"ఫారంలో అది అడగలేదు మామా" అన్నాను.

ఆయన లేచి, బాట వారగా ముప్పై అడుగులు ముందుకు పోయి ఆగాడు. మళ్లీ పది అడుగులు. వంగి, రాలిన మోదుగాకు ఒకటి పక్కకు తీసి చూశాడు. "రైలుపట్టాల తట్టుకు పోతా ఉండాది. దచ్చిణానికి" అన్నాడు. తిరిగొచ్చాక, అచ్చు వెనక మేకుతో తేదీ, చోటు గీస్తున్న నన్ను ఆపి, పక్కనే ఒక బాణం గుర్తు కూడా గీయించాడు.

అచ్చు తీసేటప్పుడు అంచు కాస్త విరిగింది. విరిగిన అచ్చు పనికిరాదని ఆఫీసులో తీసుకోలేదు. అందుకే అది నా దగ్గర ఉండిపోయింది. 38 ఏళ్ల సర్వీసులో నేను దాచుకున్న వస్తువులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఇది మొదటిది. మొన్న ఇల్లు మారుతున్నప్పుడు ట్రంకుపెట్టె అడుగున, పాత కాకీ చొక్కాలో చుట్టి కనిపించింది. అప్పటి నుంచి ఇవన్నీ రాసుకోవాలని మనసు పీకుతోంది.

నల్లమల తెలియని వాళ్ల కోసం ఒక్క మాట. కృష్ణ ఒడ్డు నుంచి దక్షిణంగా పెన్న దాకా దిగే కొండల వరుస ఇది. పై భాగం శ్రీశైలం అడవి. అది 1983లో పులుల రిజర్వ్ అయింది. దాని దక్షిణపు కొసన గుండ్ల బ్రహ్మేశ్వరం. అక్కడి నుంచి ఇంకా కిందికి రుద్రవరం, అహోబిలం, వనిపెంట, లంకమల. పెన్న దాటితే పాలకొండలు, ఆపైన శేషాచలం. కాగితం మీద పచ్చరంగు ఏకధాటిగా కనిపిస్తుంది. నేల మీద అలా ఉండదు. కొన్ని చోట్ల అడవి ముప్పై కిలోమీటర్ల వెడల్పుంటే, కొన్ని చోట్ల రెండు పొలాల మధ్య పొదల పట్టీగా మిగులుతుంది. నందికనుమ దగ్గర అడవికి వెడల్పు కరువు లేదు. కానీ దాన్ని అడ్డంగా కోస్తూ నంద్యాల–గిద్దలూరు రోడ్డు, దానికి తోడుగా రైలు మార్గం పోతాయి. అప్పట్లో మీటర్ గేజి. రాత్రిపూట బొగద సొరంగంలోంచి బండి బయటపడ్డప్పుడు ఆ చప్పుడు మా క్వార్టర్ దాకా వినిపించేది.

ఆ వేసవిలో మామ, నేను ఆ ఒక్క జాడనే పట్టుకుని తిరిగాం. నిజానికి నేను చేయాల్సిన పని అది కాదు. నా బీటులో బాటలన్నీ నడిచి ఫారాలు నింపాలి. కానీ ఆయన అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. అది వయసొస్తున్న మగపులి అని మామ తేల్చాడు. ఒక నల్లమద్ది మాను మీద గోళ్లతో గీరిన గుర్తులు చూపించి, "ఇది ఈడ పెద్దపులి గీతలు. ఆ పిల్లోడు దీన్ని చూసి పక్కకు మళ్లినాడు చూడు" అని అడుగులు చుట్టు తిరిగిన చోటు చూపించాడు. పులి పిల్లలు రెండేళ్లు వచ్చేసరికి తల్లిని విడుస్తాయి. ఆడపిల్ల చాలాసార్లు తల్లి పక్కనే చోటు చూసుకుంటుంది. మగపిల్లకు ఆ వీలు తక్కువ. అక్కడున్న పెద్ద మగపులి ఉండనివ్వదు, దూరం పోవాల్సిందే. ఇదంతా తర్వాత పుస్తకాల్లో చదివాను. ముందు మాత్రం మద్దిమాను కింద విన్నాను.

ఆ మగపిల్ల మూడు రాత్రులు పట్టాల దాకా వచ్చి వెనక్కి మళ్లింది. కంకర దగ్గర అడుగులు ఆగి, పక్కకు తిరిగి, మళ్లీ వెదురు పొదల్లోకి పోయేవి. నాలుగో రోజు పొద్దున అక్కడ అడుగులు లేవు. మామ నన్ను కట్ట వారగా కిందికి తీసుకుపోయి ఒక తూము చూపించాడు. వాన నీళ్లు పోవడానికి పట్టాల కింద కట్టిన రాతి తూము అది. మనిషి నడుము వంచి నడిచేంత ఎత్తు. లోపల ఎండిన ఒండ్రు మట్టి, అద్దంలా నునుపుగా ఉంది. దాని మీద పులి అడుగులు ఆ చివర నుంచి ఈ చివరకు వరసగా, తొందర లేకుండా పడి ఉన్నాయి. దాని అడుగు మీద ఏదుపంది అడుగు ఒకటి పడింది. గోడ వార కణితి గిట్టలు. ఇంకో పక్క ఎలుగు అడుగు, మనిషి పాదంలా మడమతో సహా. ఎక్కడో చిన్నగా పునుగుపిల్లిది. ఇన్ని జంతువులు ఒకదాని వెనక ఒకటి అంత చిన్న తూములోంచి పోతున్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. వాటి నెత్తి మీదుగా రోజూ రైలు పోతోంది.

"ఇదే దావ సామీ. దీన్ని మూసినారంటే ఇదొక అడివి, అదొక అడివి ఐతాది" అన్నాడు మామ.

నేను తలూపాను. అర్థమైందనే అనుకున్నాను. అర్థం కావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

1990లు మాలాంటి కిందిస్థాయి ఉద్యోగులకు కష్టకాలం. అడవిలో అన్నలు ఉన్న రోజులు. కాకీ చొక్కాతో లోపలికి పోయే పరిస్థితి లేక, కొన్నేళ్లు రోడ్డు వార పనులతోనే సరిపెట్టాం. దాని గురించి ఇక్కడ రాయను. కానీ రోడ్డు మీదే ఉండటం వల్ల రోడ్డు ఎలా మారిందో కళ్లారా చూశాను. మొదట్లో రాత్రి తొమ్మిది దాటితే ఘాట్ మీద గంటకో లారీ. ఆ తర్వాత గంటకు పది. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాం.

ఒక తెల్లవారుజామున లారీ డ్రైవర్ ఒకాయన వచ్చి, మలుపు దగ్గర ఎలుగుబంటి పడి ఉందని చెప్పాడు. పోయి చూస్తే ఆడది, అప్పటికే చనిపోయింది. పిల్ల తల్లి వీపు మీదే ఉంది, వెంట్రుకలు రెండు గుప్పెళ్లతో పట్టుకుని. ఎలుగు పిల్లలు అలా తల్లి వీపు మీదే తిరుగుతాయి. దెబ్బ తగిలినప్పుడు కూడా అది పట్టు వదల్లేదు. మామ దాని చేతులు ఒక్కో వేలూ విడదీస్తుంటే, మనిషి పిల్ల ఏడ్చినట్టే ఏడ్చింది. దాన్ని జూకు పంపాం. తల్లి ఎక్కడి నుంచి వచ్చిందని మామ వెనక్కి జాడ తీశాడు. రోడ్డు కింద ఉన్న తూము దగ్గర ఆగింది జాడ. ఆ తూములో రోడ్డు పని చేసిన వాళ్లు మిగిలిన కంకర, తారు పెళ్లలు, విరిగిన డ్రమ్ములు పడేసి పోయారు. తల్లి అక్కడిదాకా వచ్చి, నిలబడి, పక్కనున్న గట్టెక్కి రోడ్డు మీదికి వచ్చింది.

తూము శుభ్రం చేయమని రాశాను. మళ్లీ రాశాను. రోడ్డు మాది కాదు, కంకర మాది కాదు అని ఒకరు. అడవి మా పరిధిలోది కాదు అని ఇంకొకరు. రెండు వానాకాలాలు గడిచాయి. చివరికి మామ, ఇంకో ముగ్గురు వాచర్లు, నేను కలిసి గడ్డపారలతో నాలుగు రోజులు తవ్వి తీశాం. ఐదో రోజు పొద్దున అందులో కొండగొర్రె అడుగులు. నాలుగు కొమ్ములుండే చిన్న జింక అది, మనిషి వాసనకే బెదిరిపోతుంది. మామ మోకాళ్ల మీద కూర్చుని ఆ అడుగుల్ని చాలాసేపు చూశాడు. నాకైతే కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు నాకు ముప్పై ఐదేళ్లు. తూము అంటే ఏంటో ఆ రోజు అర్థమైంది.

2001లో నన్ను బద్వేలు వైపు వేశారు. నల్లమలలో ఎత్తైన మద్ది, ఏపి చెట్ల కింద తిరిగి అలవాటైన నాకు ఆ నేల చూసి ఉసూరుమనిపించింది. ఎర్రమట్టి, గులకరాళ్లు, మోకాలెత్తు ముళ్లపొదలు. ఇదేం అడవి అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

కలివికోడి ఉండేది అక్కడే. 1848లో మొదటిసారి శాస్త్రజ్ఞుల రికార్డుకెక్కి, 1900 తర్వాత ఎవరికీ కనిపించక, ఇక లేదనుకున్న పిట్ట అది. 1986 జనవరిలో ఇదే కడప జిల్లాలో, లంకమల కింద పొదల్లో మళ్లీ దొరికింది. దాన్ని పట్టింది పిట్టలు పట్టడం తెలిసిన స్థానికుడే. పగలు పొదల నీడన కదలకుండా ఉండి, చీకటి పడ్డాక నడుస్తుంది. దాని కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. దట్టమైన అడవిలో అది ఉండదు. పొద, మధ్యలో ఖాళీ, మళ్లీ పొద, అలాంటి నేలే కావాలి దానికి. అంటే నేను ఇదేం అడవి అనుకున్న నేలే.

ఆ పిట్ట మీద పరిశోధన చేసే కుర్రాళ్లు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, పలకలా చదును చేసి, పొద్దున్నే వచ్చి అడుగులు చూసేవాళ్లు. వాళ్లతో పాటు నేనూ కొన్నాళ్లు ఆ మట్టి చదును చేశాను. చేతులు అలవాటైన పనే కదా. ఒక రోజు ఆ పలక మీద మూడువేళ్ల సన్నటి అడుగులు కనిపించాయి. ఒక కుర్రాడు సంతోషంతో కేక వేసి కొలతలు తీయడం మొదలుపెట్టాడు. నా నోట్లోంచి నాకు తెలియకుండానే ఒక మాట వచ్చింది: "ఎటు పోతా ఉంది?" ఆ కుర్రాడు తలెత్తి చూసి, "మంచి ప్రశ్న సార్" అని నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల్లోకి వచ్చినప్పుడు గొడవ పెద్దదై, చివరికి కాలువ దారి మార్చారు. ఒక పిట్ట కోసం కాలువ వంకర తిరగడమా అని వెటకారం చేసినవాళ్లున్నారు. నీళ్లు అటు కూడా పారాయి, పొలాలకు అందాయి. పొదలు మాత్రం ఇంకో చోట పుట్టించగలిగేవి కావు.

పొదల విలువ తెలియకపోవడం వల్లే మనం ఎక్కువ పోగొట్టుకుంటున్నామని నాకు అనిపిస్తుంది. ఎత్తైన చెట్లు నరికితే ఊరంతా గగ్గోలు పెడుతుంది, పేపర్లో వస్తుంది. పొదలు తీసేస్తే నేల బాగుచేశారంటారు. కాగితాల్లో అది బంజరు. కానీ ఒక కొండకు, ఇంకో కొండకు మధ్య పల్లంలో మిగిలేది చాలాచోట్ల ఆ బంజరే. జంతువు చీకట్లో తల దాచుకుని దాటేది దాంట్లోంచే.

నా సెక్షన్‌లో అలాంటి పట్టీ ఒకటి ఉండేది. అర కిలోమీటరు వెడల్పు కూడా లేదు. కలివి పొదలు, ఊడుగ, రేగు, అక్కడక్కడా బిల్లుడు చెట్టు. అటు కొండ, ఇటు కొండ. చిరుత, ఎలుగు, దుప్పి దాంట్లోంచే తిరుగుతాయని నాకు తెలుసు. ఏడాది పాటు అడుగులు రాసుకుని, దాన్ని కాపాడాలని రిపోర్టు పెట్టాను. రెండోసారి కూడా పెట్టాను. ఆ మధ్యలో చెల్లెలి పెళ్లికి వారం రోజులు సెలవు మీద ఊరికి పోయాను. తిరిగొచ్చేసరికి నేల ఎర్రగా, చదునుగా ఉంది. రెండు రాత్రుల్లో బుల్డోజర్ పెట్టి తీసేశారట. రాళ్లను ఒక పక్కకు నెట్టి, చుట్టూ ముళ్లకంచె వేశారు. కంచెకు అవతల మట్టిలో దుప్పుల అడుగులు గుంపుగా ఉన్నాయి. కంచె దాకా వచ్చి, దాని వెంట అటూ ఇటూ నడిచి, వెనక్కి పోయాయి. నందికనుమ పట్టాల దగ్గర ఆ మగపులి అడుగులు ఆగినట్టే ఆగాయి. ఇక్కడ మాత్రం తూము లేదు. నా రిపోర్టు ఎక్కడో ఫైల్లోనే ఉంది. నేను ఆ వారం అక్కడ ఉంటే ఆపగలిగేవాణ్ణేమో, లేదేమో. ఆ 'ఏమో' ఇంకా నాతోనే ఉంది.

ఆదివారం సెలవు పెట్టుకుని మామ గూడేనికి పోయి చెప్పుకున్నాను. ఆయన నన్ను ఓదార్చలేదు. "ఇంగొక దావ ఉంటాది సామీ, ఎతుకు" అన్నాడు. 2008 వానాకాలంలో ఆయన పోయాడు.

ఆయన మాట పట్టుకుని వెతికాను. రెండు కిలోమీటర్ల అవతల ఒక వంక ఉంది. రెండు పక్కలా నిమ్మతోటలు, మధ్యలో వంక గట్ల మీద కానుగ, నేరేడు, తుప్పలు. జంతువులు మెల్లగా అటు మళ్లాయి. అటు మళ్లితే తోటల వాళ్లకు ఇబ్బంది. ఒక రైతు గేదె దూడను చిరుత తీసుకుపోయింది. ఆయన వంక గట్టు వెంట కరెంటు తీగ లాగడానికి కర్రలు పాతుకుని కూర్చున్నాడు. నేను పోయి ఆయన పక్కన కూర్చున్నాను. పరిహారం వస్తుంది, ఆగమన్నాను. ఏడు నెలలు పట్టింది ఆ డబ్బు రావడానికి. ఆ ఏడు నెలలూ ఆయన ఇంటి ముందు నుంచి పోవాలంటే నాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు. ఆ తర్వాత ఒక అధికారి వచ్చాక, ఇలాంటి కేసుల్లో పది రోజుల్లోపే డబ్బు అందేలా చూశారు. రెండోసారి మేక పోయినప్పుడు అదే రైతు కర్రలు పాతలేదు. ఫోన్ చేశాడు. ఇంకో నెలకు, వంకలో ఎవరో బిగించిన క్లచ్ వైరు ఉచ్చులు నాలుగు ఏరి తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. అడవిని కాపాడే చట్టాలు ఎన్ని ఉన్నా, ఆ వంకను కాపాడింది ఆ పది రోజుల పరిహారమే అని నేను గట్టిగా నమ్ముతాను.

చట్టమూ మారింది, అది కూడా చెప్పాలి. రాజస్థాన్‌లో సరిస్కా అనే పులుల రిజర్వ్ ఉంది. కాగితాల మీద పులులున్నాయని లెక్క చూపిస్తూ వచ్చి, 2005 నాటికి ఒక్కటీ మిగల్లేదని తేలింది. వేటగాళ్లు చంపేశారు. పక్క అడవి నుంచి వాటంతట అవి వచ్చి చేరే పరిస్థితి లేదు. చివరికి 2008లో రణతంబోర్ నుంచి హెలికాప్టర్‌లో పులిని తీసుకొచ్చి వదలాల్సి వచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాకు మామ తూము గుర్తొచ్చింది. మేము గాజు పలకలతో లెక్కపెట్టిన పద్ధతి కూడా ఆ దెబ్బకే పోయింది, జంతువు ఎదురుగా పోతే వాటంతట అవే ఫోటో తీసే కెమెరా ట్రాపులు వచ్చాయి. 2006లో వన్యప్రాణి చట్టాన్ని సవరించినప్పుడు, రిజర్వులనే కాక ఒక రిజర్వుకు ఇంకోదాన్ని కలిపే ప్రాంతాలను కూడా ఇష్టమొచ్చినట్టు వాడకూడదని రాశారు. 2014లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ, భారత వన్యప్రాణి సంస్థ కలిసి దేశం మొత్తం మీద 32 ముఖ్యమైన కారిడార్లను, అంటే పులులు ఒక అడవి నుంచి ఇంకో అడవికి పోయే దారులను, గుర్తించాయి. ఆ జాబితాలో నాగార్జునసాగర్ నుంచి శేషాచలంలోని శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు దాకా పోయే దారి ఉంది. మా దారి! ఆ పేజీ జిరాక్సు తీయించుకుని ఇంటికి తెచ్చి మా ఆవిడకు చూపించాను. ఇరవై ఏడేళ్ల కిందట విరిగిన అచ్చు వెనక మేకుతో గీసిన బాణం గుర్తు, ప్రభుత్వ మ్యాపులోకి ఎక్కినట్టనిపించింది.

లెక్కలూ బాగున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 లెక్కలో 48 పులులుంటే, 2022 లెక్కలో 63 అయ్యాయి. కానీ పెరిగిన కొద్దీ పిల్లలు ఎటైనా పోవాలి కదా. 2023 మార్చిలో ఆత్మకూరు వైపు పెద్దగుమ్మడాపురం ఊరి చివర నాలుగు ఆడ పులిపిల్లలు దొరికాయి. తల్లితో కలపాలని మా వాళ్లు రాత్రింబవళ్లు ప్రయత్నించారు. కుదరలేదు. తిరుపతి జూకు పంపారు. ఆ నాలుగు పిల్లల ఫోటో చూసినప్పుడు, ఘాట్ మీద తల్లి వీపును వదలని ఎలుగు పిల్లే కళ్ల ముందు మెదిలింది.

చేయగలిగినవి మనకు తెలియనివి కావు. దోర్నాల–ఆత్మకూరు రోడ్డును రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూస్తారు. బస్సు అందక విసుక్కునేవాళ్లను చూశాను, పాపం వాళ్ల ఇబ్బందీ నిజమే. కానీ ఆ తొమ్మిది గంటలూ ఆ రోడ్డు మీద నడిచేవాళ్లు వేరే ఉన్నారు. మధ్యభారతంలో పెంచ్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారిని తొమ్మిది చోట్ల పైకెత్తి, కింద జంతువులకు దారి వదిలారు. వాటిలో ఒకటి 750 మీటర్ల పొడవు. 2019లో కెమెరాలు పెట్టి చూస్తే, 11 పులులు ఆ దారుల్లో తిరుగుతున్నాయని తేలింది. మా రాతి తూముకు అవి పెద్దన్నలు. కొత్త రోడ్డు వేసే ప్రతి ఇంజనీరూ ఒక్కసారి ఎండాకాలం పొద్దున పాత తూములోకి వంగి చూడాలని నా కోరిక.

పెన్న గురించి చెప్పకపోతే ఇది పూర్తికాదు. సిద్ధవటం దగ్గర ఎండాకాలంలో ఏరు ఇసుకమేట. అటు లంకమల, ఇటు పాలకొండలు. ఏరు దాటితే చాలదు, ఆవల కడప–రేణిగుంట రైలు మార్గం, పక్కనే హైవే. రిటైరవడానికి ముందు ఏడాది, ఇప్పుడు అక్కడ బీట్ ఆఫీసర్‌గా చేస్తున్న అమ్మాయి ఒకరు నాకు ఫోన్‌లో ఒక ఫోటో చూపించారు. ఇసుకలో అడుగులు, పక్కన కొలత కోసం పెట్టిన ఆమె పెన్ను. "పులే కదా సార్?" అని అడిగింది. పులే. నేను ఇంకేమీ అనకముందే ఆమె తర్వాతి ఫోటో చూపించింది. దూరం నుంచి తీసిన ఫోటో. అడుగుల వరస ఏటికి అడ్డంగా, దక్షిణపు గట్టు దాకా. "నీళ్ల కోసం రాలేదు సార్, మడుగు ఇటుంది, అది అటు పోయింది" అంది. ఆమెకు మామ ఎవరో తెలియదు. అయినా అదే చూసింది.

2024లో రిటైరయ్యాను. మొన్న ట్రంకుపెట్టెలో అచ్చు దొరికాక, దాన్ని తువ్వాలులో చుట్టుకుని బస్సెక్కి గూడేనికి పోయాను. మామ మనవడు ఇప్పుడు బేస్ క్యాంపులో ట్రాకర్. ఇరవై రెండేళ్లుంటాయి. కెమెరా ట్రాపులకు బ్యాటరీలు మార్చి అప్పుడే వచ్చి, అరుగు మీద కూర్చుని అన్నం తింటున్నాడు. చెయ్యి కడుక్కొచ్చి అచ్చు అందుకున్నాడు. బొటనవేలితో అంచు తడిమి, "ఎడమ కాలు, ఎనకది. మొగది. చిన్నోడు" అన్నాడు. అంతా ఒక్క క్షణంలో.

తర్వాత తిప్పి వెనక చూశాడు. అక్షరాలు అరిగిపోయాయి. తేదీలో 87 ఒక్కటే కనిపిస్తోంది. బాణం గుర్తు మాత్రం లోతుగా ఉంది.

"ఈ గీత ఏంది సామీ?"

"మీ తాత గీయించాడు. అది పోయిన దిక్కు."

వాడు లేచి, అచ్చును రెండు చేతుల్లో బల్లపరుపుగా పట్టుకుని, కొండ వైపు చూసి, బాణం ములుకు సరిగ్గా దక్షిణానికి వచ్చేదాకా మెల్లగా తిప్పాడు. అటు చూస్తూ, "ఆ తూము ఇంగా ఉండాది సామీ. నిన్ననే మట్టి తీసినాం" అన్నాడు.